ఉడతల దండు రాయి

శ్రీదేవికి అసహ్యం అంత తేలిగ్గా వేయదు. నాలుగేళ్ల పిల్లల చీమిడి తన కొంగుతో తుడిచే మనిషి ఆమె. దొడ్డికి కూచుని మధ్యలో లేచొచ్చిన బుడతణ్ని చంకనేసుకుని వాగు దాకా నడిచే మనిషి. ఒక చేత్తో అన్నం తింటూ ఇంకో చేత్తో ఎవడిదో వాంతి పట్టిన రోజులున్నాయి. వాళ్ల నాన్న వెంకటనారాయణ ఇల్లెందు దగ్గర బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆయన దగ్గినప్పుడల్లా పడే నల్లటి కఫం గిన్నె రోజూ కడుగుతూ పెరిగింది. ఒంట్లోంచి వచ్చే మురికి ఆమెకు మురికే కాదు. దాన్ని చూసి ముక్కు మూసుకునేవాళ్లంటేనే ఆమెకు రోత.

అటువంటి శ్రీదేవి ఏప్రిల్ నెలలో ఒక గురువారం పొద్దున, ఫోన్లో రెండు నిమిషాల వీడియో చూసి, పెరట్లోకి పోయి అప్పుడే తాగిన టీ అంతా కక్కేసింది.

ఆ వీడియోలో మురికన్నది మచ్చుకైనా లేదు. చెట్లు పచ్చగా ఉన్నాయి, వాగు మెరుస్తోంది, పిల్లలు కొత్త టోపీలు పెట్టుకుని నవ్వుతున్నారు, వెనకాల వేణువు మోగుతోంది. చివర్లో శ్రీదేవి మొహం నిండుగా కనిపించి, చిరునవ్వుతో ఒక మాట అంటుంది. ఆ మాట దగ్గరే ఆమె ఫోను పడేసి పెరట్లోకి పరిగెత్తింది.

ఆ మాట సంగతి చెప్పాలంటే ముందు దండు సంగతి చెప్పాలి.

టేకులపల్లి మండలంలో, అడవి మొదలయ్యే చోట, ఒక కోయగూడేనికీ ఒక లంబాడీ తండాకీ మధ్య వాగు పారుతుంది. ఆ గట్టున నల్లమద్ది చెట్ల కింద ప్రతి శనివారం పొద్దున పద్నాలుగు మంది పిల్లలు చేరతారు. దాని పేరు ఉడతల దండు. నాలుగేళ్లకు తక్కువైతే రానివ్వరు, ఆరు దాటితే ఉండనివ్వరు. అక్షరాలకు బడి ఉంది, గుడ్డుకూ పాలకూ అంగన్‌వాడీ ఉంది. ఇక్కడ నేర్పేవి వేరు. చెప్పు పట్టీ ఎవరిది వాళ్లు పెట్టుకోవాలి. బిందెలోంచి చెంబులోకి నీళ్లు ఒలకకుండా పోయాలి. ముల్లు గుచ్చుకుంటే ఏడ్చేముందు ఎక్కడ గుచ్చుకుందో చూపించాలి. పాము కనబడితే పరిగెత్తకుండా చెట్టులాగ నిలబడాలి. ఇష్టం లేని పని ఎవరు చేయమన్నా, ఎంత పెద్దవాళ్లయినా సరే, చెయ్యి ముందుకు చాపి గట్టిగా 'వద్దు' అనాలి. ఈ చివరిది నేర్పడానికి శ్రీదేవికి మూడు నెలలు పట్టింది. పిల్లలు నవ్వకుండా 'వద్దు' అనడం చాలా కష్టమైన విద్య.

ఇదంతా రెండేళ్ల కిందట ఆమె ఒక్కతే మొదలుపెట్టింది. ప్రైవేటు బళ్లో టీచరు పని మానేసి వచ్చిన మనిషి. తోడుగా తండా నుంచి ద్వాలి అనే ఆవిడ వచ్చి నీళ్లు మోస్తుంది, పిల్లల్ని కాస్తుంది. జీతం లేదు, వచ్చిన ప్రతిసారీ ఒక తిట్టు మాత్రం శ్రీదేవికి ఉచితంగా ఇచ్చిపోతుంది.

అన్నీ అయ్యాక చివర్లో రాయి. వాగులో దొరికిన నల్లటి నున్నటి రాయి, కోడిగుడ్డంత ఉంటుంది, పిల్లల గుప్పిట్లో సరిపోతుంది. గుండ్రంగా కూచుంటారు. రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆ రోజు చేసిన తప్పొకటి చెప్పాలి. నిజమే చెప్పాలి. విన్నవాళ్లు తిట్టకూడదు, నవ్వకూడదు. చెప్పాక రాయి పక్కవాళ్లకు ఇచ్చేయాలి. ఆఖరున అది శ్రీదేవి చేతికొస్తుంది, ఆమె కూడా చెప్పాలి. 'ద్వాలి తెచ్చిన జొన్నరొట్టె మీకు పెట్టకుండ నేనే తిన్న' అని ఒకసారి చెప్పింది. పిల్లలు వారం రోజులు ఆ రొట్టె గురించే మాట్లాడుకున్నారు. నవ్విన వాడు ఒక్కడూ లేడు.

గూడెం పిల్లలు మొదటి ఏడాది రాలేదు. గూడెంలో భీమక్క మాటంటే మాట. ఆవిడ తన మనవరాలిని పంపితే మిగతావాళ్లూ పంపుతారు. ఆవిడ పంపలేదు. ఒక శనివారం మాత్రం తనే వచ్చి చెట్టు మొదట్లో కూచుని, రాయి ఆట మొదటి నుంచి చివరి దాకా చూసింది. లేచేటప్పుడు అంది.

"పిల్లలతోని నిజం చెప్పిస్తున్నవు, మంచిగనే ఉన్నది. జోగమ్మను తోలిస్త. ఇంకో నలుగురొస్తరు. ఒక్కటే మాట టీచరమ్మా. కొత్త కాకముందు మా పిల్లల నోట్ల కొత్త కాయ వెయ్యకు."

"నాకు తెల్వదా పెద్దమ్మా," అంది శ్రీదేవి.

తెలుసు. గూడెంలో మామిడికాయైనా చిక్కుడుకాయైనా ముందు గూడెం అమ్మవారికీ, పోయిన పెద్దలకూ పెట్టాకే మనుషుల నోట్లోకి. ఆ పండుగను కొత్త అంటారు. అది అయ్యేదాకా చెట్టు కింద కాయలు రాలిపడి ఉన్నా అయిదేళ్ల పిల్ల కూడా ముట్టదు. జోగమ్మకు అప్పుడు సరిగ్గా అయిదేళ్లు. పెద్ద కళ్లు, తక్కువ మాటలు. దండులో అందరికంటే బాగా 'వద్దు' అనేది ఆ పిల్లే.

ఇంత బాగా సాగుతుంటే మధ్యలో ఈ వీడియో ఎందుకంటే, వాన వల్ల. చెట్ల కింద నడిచే దండు జూన్ నుంచి అక్టోబరు దాకా మూతపడుతుంది. పోయిన ఏడాది తడిసి ముగ్గురికి జ్వరాలొచ్చి దవాఖానా పాలయ్యారు, వానలు వెలిశాక సగం మంది తిరిగి రాలేదు. వాళ్లను మళ్లీ కూడగట్టేసరికి శ్రీదేవికి తలప్రాణం తోకకొచ్చింది. పైన కప్పుంటే చాలనుకుంది. ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసింది. ఖమ్మంలో పసిడిబాట ట్రస్టు అని ఒకటుంటే వాళ్లు పలికారు. రేకుల షెడ్డు వేస్తాం, బోరు వేస్తాం, ద్వాలికి జీతమిస్తాం, కాకపోతే కమిటీకి చూపించడానికి చిన్న వీడియో కావాలి అన్నారు. ఊరికే రారు మహానుభావులని అప్పుడే అనుకుంది. అనుకుని ఊరుకుంది.

వీడియో తీయడానికి శనివారం వచ్చారు. ట్రస్టు పనులు చూసే పద్మప్రియ, కెమెరా పట్టుకుని అనిల్‌కుమార్, డ్రైవరు, ఒక పెట్టెడు టోపీలు. పద్మప్రియ మంచి చీర కట్టుకుని, మంచి మాటలు మాట్లాడుతూ దిగింది. దిగీ దిగగానే పద్నాలుగు మంది చేతుల మీదా ఏదో మందు కొట్టించింది. తర్వాత ఒక్కొక్కరి తల నిమురుతూ ఫోటో దిగింది. ఫోటో అయిన ప్రతిసారీ చెయ్యి వీపు వెనక్కి పోతోంది. వెనకాల డ్రైవరు తడి కాగితం అందిస్తున్నాడు, ఆమె చెయ్యి తుడుచుకుని మళ్లీ ముందుకు తెచ్చి ఇంకో తల నిమురుతోంది. మొహం మీద నవ్వు చెక్కు చెదరలేదు. పద్నాలుగు తలలు, పద్నాలుగు కాగితాలు. శ్రీదేవికి ఒళ్లు మండింది.

తుల్సీరాం అని తండా పిల్లాడు, నాలుగేళ్లవాడు, గడ్డం మీద సెగ్గడ్డ. వాణ్ని ముందు వరస నుంచి తీసి చివరన, చెట్టు చాటుకు నిలబెట్టింది. "బాబుకి ఎండ తగులుతోంది కదా," అంది. ఎండ అందరికీ తగులుతోంది. ద్వాలి లంబాడీలో ఏదో గొణిగింది. అది ఏమిటో పద్మప్రియకు తెలియకపోవడం అందరికీ మంచిదైంది.

ఆ రోజు పిల్లలు పచ్చిపులుసు చేయాలి. పొయ్యి అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు, అయిదేళ్ల వాళ్లు చేయగలిగిన వంట. నానిన చింతపండు పిసుకుతున్నారు, మోచేతుల దాకా పులుసు కారుతోంది, అందరూ తెగ సంబరంగా ఉన్నారు. అనిల్‌కుమార్ కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"శ్రీదేవి గారూ, ఇది బురద పిసికినట్టుందండీ," అంది పద్మప్రియ. "కమిటీ వాళ్లు భోజనాల ముందు చూస్తారు."

"పచ్చిపులుసు మేడం."

"తెలుసండీ, మా ఇంట్లోనూ చేస్తారు. కెమెరాకి బాగోదు. నేను మామిడికాయలు తెచ్చాను. ముక్కలకి ఉప్పూ కారం అద్దుకుని తింటారు. రంగు బాగుంటుంది."

"గూడెం పిల్లలకు ఇంక కొత్త కాలేదు మేడం. మామిడికాయ తినరు," అని శ్రీదేవి కొత్త అంటే ఏమిటో సగం చెప్పింది.

పద్మప్రియ కళ్లు పెద్దవి చేసింది. "అబ్బ, ఎంత బాగుందండీ! ఇది కూడా మాటల్లో చెప్పిద్దాం. తినక్కర్లేదు లెండి, ముక్క నోటి దగ్గర పెట్టుకుంటే చాలు."

అప్పుడే ఆపాల్సింది. శ్రీదేవి నోట్లో నాలుక లేని మనిషేం కాదు. ఆమె కోపం ముక్కు మీదే ఉంటుందని తండాకూ గూడేనికీ తెలుసు. కానీ ఆ రోజు ఆమె కళ్ల ముందు షెడ్డు ఉంది. కాగితం మీదే అయినా నాలుగు దిక్కులా నాలుగు ఇనప స్తంభాలతో నిలబడి ఉంది. ఆమె నోరు మూసుకుంది. చింతపండు గిన్నెలు పక్కకు పోయాయి.

"ఆ పాప కళ్లు బాగున్నయి మేడం," అన్నాడు అనిల్‌కుమార్, జోగమ్మను చూపించి. "దగ్గర్నుంచి ఆ పాపనే తీద్దాం."

పద్మప్రియ మామిడి ముక్క పట్టుకుని జోగమ్మ నోటి దగ్గరికి తెచ్చింది. జోగమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. కుడి చెయ్యి ముందుకు చాపింది. నవ్వలేదు.

"వద్దు!"

ఎంత గట్టిగా అందంటే వాగవతల మేస్తున్న మేకలు తలెత్తాయి. శ్రీదేవి మూడు నెలలు నేర్పినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఒక్క క్షణం ఆమె గుండె ఉప్పొంగింది కూడా.

పద్మప్రియ పకపకా నవ్వింది. "ఎంత ముద్దుగా అందో! శ్రీదేవి గారూ, మీరు చెప్పండి, మీరు చెబితే వింటుంది."

శ్రీదేవి వెళ్లి జోగమ్మ ముందు మోకాళ్ల మీద కూచుంది. "జోగమ్మా, ఊకె నోట్ల పెట్టుకో తల్లీ. నమలకు. ఫోటో అయినంక ఉమ్మేద్దువు," అంది. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో తనకే వినిపించింది. జాతరలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఇంతకంటే మెత్తగా మాట్లాడరు.

జోగమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చాపిన చెయ్యి దించేసి నోరు తెరిచింది. ముక్క పళ్ల మధ్య పడింది, పులుపుకు కళ్లు మూతలు పడ్డాయి, గుటక పడింది. ఉమ్మడానికి ఏమీ మిగల్లేదు.

"సూపర్," అన్నాడు అనిల్‌కుమార్.

ఇంతటితో అయిపోయినా శ్రీదేవి తనను తాను ఏదోలా ఓదార్చుకునేదేమో. రాయి ఇంకా ఉంది. పద్మప్రియకు రాయి ఆట తెగ నచ్చింది. ఆమె ఫోన్లో పిల్లల తప్పులు ముందే రాసుకొచ్చింది. చాక్లెట్ దాచుకుని తిన్నాను. తమ్ముణ్ణి గిల్లాను. అమ్మ లిప్‌స్టిక్ పూసుకున్నాను. పిల్లలు సొంతంగా చెబితే ఏం చెబుతారో, చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉండకూడదు కదా అంది. ద్వాలి కొడుకు లాల్‌సింగ్‌కు లిప్‌స్టిక్ పడింది. మగపిల్లాడని గుర్తుచేస్తే, ఇంకా ముద్దుగా ఉంటుంది అంది పద్మప్రియ.

రాయి జోగమ్మ చేతికొచ్చింది. పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎవరూ ఏమీ అందించకముందే చెప్పేసింది.

"కొత్త కాకముందే మామిడికాయ తిన్న. టీచరమ్మ తినమన్నది."

అనిల్‌కుమార్ కెమెరా దించాడు. పద్మప్రియ నాలుక కరుచుకుంది. "అమ్మో, ఇది వద్దు. 'నేను బ్రష్ చేసుకోలేదు' అనమనండి."

"నేను తోముకున్న," అంది జోగమ్మ. "యాపపుల్లతోని."

"సరదాకి నాన్నా. ఊరికే అను."

జోగమ్మ పద్మప్రియ వంక చూడలేదు. శ్రీదేవి వంక చూసింది. రాయి పట్టుకుని అబద్ధం చెప్పవచ్చా అని ఆ పిల్ల అడుగుతున్నట్టు శ్రీదేవికి స్పష్టంగా తెలుసు. తెలిసే తల ఊపింది. ఒక్కసారి, పైకీ కిందకీ.

"నేను బ్రష్ చేసుకోలే," అంది జోగమ్మ. వినబడలేదంటే రెండోసారి అంది.

ఆఖరున రాయి శ్రీదేవికి వచ్చింది. ఆమె తప్పు కూడా ఫోన్లో రాసే ఉంది. పద్మప్రియ ఫోను ఎత్తి పట్టుకుంటే, కెమెరా వంక చూసి నవ్వుతూ, పద్నాలుగు మంది పిల్లలు వింటుండగా చదివింది: "నేను ఈ పిల్లల్ని కాస్త ఎక్కువగా ప్రేమించాను. అదే నా తప్పు."

గురువారం పొద్దున ఆమె చేత టీ కక్కించిన మాట ఇదే.

వాళ్లు వెళ్లిపోయాక చూస్తే రాయి లేదు. కెమెరా వాళ్లే పట్టుకుపోయి ఉంటారనుకుంది. వాళ్ల మీద ఇంకో నేరం మోపడానికి దొరికిందని లోపల కాస్త సంతోషపడింది కూడా. మనిషి బుద్ధి అలాంటిది.

తర్వాతి శనివారం తొమ్మిది మందే వచ్చారు. అందరూ తండా పిల్లలు. గూడెం నుంచి అయిదుగురిలో ఒక్కరూ రాలేదు.

"ఎట్లొస్తరు?" అంది ద్వాలి, బిందె దించుతూ. "గా పోరి ఇంటికి పోంగనే వాళ్ల నాయనమ్మకు అంత చెప్పిందంట. నువ్వే గద నేర్పినవ్, చేసింది చెప్పాలని."

శ్రీదేవి దండును ద్వాలికి అప్పగించి గూడేనికి నడిచింది. భీమక్క ఇంటి ముందు చాప మీద ఇప్పపువ్వు ఆరబోసి, చేత్తో కలియబెడుతోంది. చెంబుతో నీళ్లిచ్చింది. కూచోమనలేదు. ఎప్పుడొచ్చినా ముందు మంచం వాల్చే మనిషి.

"తప్పయింది పెద్దమ్మా," అంది శ్రీదేవి నిలబడే.

"ఏ తప్పు?"

"మామిడికాయ తినిపిచ్చిన."

"అవ్, తినిపిచ్చినవు. అది అయిపోయింది. పెద్దలు కూసున్నరు, కోడిని కోసినం, పిల్ల మీద నీళ్లు చల్లి కలుపుకున్నం. చిన్నపిల్ల, దానికేం తెలుసు. దానికి మాతాన రివాజున్నది." భీమక్క పువ్వు కలియబెట్టడం ఆపింది. "రాయి పట్టిచ్చి అబద్ధం చెప్పిచ్చినవంట గద."

శ్రీదేవి నీళ్ల చెంబు తాగకుండానే కింద పెట్టింది.

"దానికేం తప్పు కట్టాల్నని పెద్దల్ని అడిగిన. ఎవలికీ తెల్వలే. నిజం నేర్పిన మనిషే పిల్లతోని అబద్ధం ఆడిచ్చుడు మేమెన్నడు చూడలే. దానికి మాతాన రివాజు లేదు టీచరమ్మా. కోడి కోస్తే పోయేది కాదది." భీమక్క గొంతు పెంచలేదు. శ్రీదేవిని చూసిన చూపులో మాత్రం, పులిసిపోయిన అన్నం మూత తీసినప్పటి ఏవగింపు ఉంది. పద్మప్రియ డ్రైవరు ఇచ్చిన తడి కాగితాలన్నీ కలిపినా అంత బాధ పెట్టవు. ఎందుకంటే ఇది న్యాయమైన ఏవగింపు.

"జోగమ్మ ఏది పెద్దమ్మా?"

"వాగుకాడ. వారం నుంచి గాడనే ఉంటాంది."

జోగమ్మ వాగు ఒడ్డున గొంతుక్కూచుని ఉంది. పక్కన చిప్పలో బూడిద. గడ్డిపోచల ఉండతో దేన్నో పరపరా తోముతోంది. దగ్గరికి పోయి చూస్తే రాయి. పిల్ల వేళ్ల చివర్లు నాని, పొక్కిపోయి ఉన్నాయి.

"నువ్వు తెచ్చినవా?"

"అవ్."

"ఎందుకు తల్లీ?"

"ఖరాబయింది. కడుగుతున్న." తల ఎత్తకుండానే చెప్పింది. "ఇంక పోలే. చూడు." రాయి శ్రీదేవి ముక్కు దగ్గర పెట్టింది. "మామిడికాయ వాసనొస్తాంది."

శ్రీదేవికి బూడిద వాసన, వాగు వాసన తప్ప ఏమీ రాలేదు. తనమీద తనకే రోత పుట్టింది. అడుసు తొక్కింది తను, వారం రోజులుగా కాళ్లు కడుగుతున్నది ఈ పిల్ల. ఇన్నాళ్లూ పద్మప్రియను తిట్టుకోవడంతోనే పొద్దు గడిపింది. ఒక్కసారైనా ఈ పిల్ల ఏం చేస్తోందో అని రాలేదు.

"ఎట్ల పోతది జోగమ్మా?"

పిల్ల తోమడం ఆపింది. "నేను చెప్పిన గద. నువ్వు చెప్పలే."

"ఎవలికి చెప్పాలె?"

"ఫోన్ల చూసినోళ్లకు. రాయి పట్టుకొని చెప్పు." కాసేపు తటపటాయించి, రాయిని గౌనుకు తుడిచి ఇచ్చింది. "మల్ల తెచ్చియ్యాలె."

బుధవారం ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలు పైఅంతస్తులో కమిటీ కూడింది. ఏసీ చల్లగా ఉంది, కింద నుంచి బిర్యానీ వాసన వస్తోంది. వీడియో వేశారు. జోగమ్మ పులుపుకు కళ్లు మూసుకున్న చోట హాలంతా 'అయ్యో చిట్టితల్లీ' అంది. 'బ్రష్ చేసుకోలే' దగ్గర నవ్వులు. శ్రీదేవి మాట దగ్గర చప్పట్లు. ట్రస్టు పెద్దాయన వెంకటరామారావు మైకు తీసుకున్నాడు. ఎర్రుపాలెం వైపు భూములూ ఖమ్మంలో వ్యాపారాలూ ఉన్న డెబ్భై ఏళ్ల మనిషి.

"చూడండమ్మా, ఉడతల దండుకి ఏదో ఉడతాభక్తిగా మా సాయం," అని నవ్వించి, షెడ్డు మంజూరు కాగితం శ్రీదేవి చేతిలో పెట్టి, రెండు మాటలు మాట్లాడమన్నాడు.

శ్రీదేవి ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో రాయి పట్టుకుంది. ముందుగా ఏమీ రాసుకోలేదు.

"మీరు చూసిన పాప పేరు జోగమ్మ. ఆ మామిడికాయ ఆ పాప తినకూడదు. తినొద్దని నాకు తెలుసు. వద్దు అని గట్టిగ అన్నది. నేనే తినిపిచ్చిన. ఈ రాయి పట్టుకుంటె నిజమే చెప్పాలె. ఆ పాప నిజం చెప్పింది, మీకు పనికిరాలేదు. రాయి చేతిల పెట్టి అబద్ధం చెప్పిచ్చిన. పిల్లల్ని ఎక్కువ ప్రేమించుడు నా తప్పన్న. అదీ అబద్ధమే. షెడ్డును ఎక్కువ ప్రేమించిన. ఆ వీడియో తీసెయ్యండి."

శ్రీదేవి తిట్లకు సిద్ధంగా నిలబడింది. ఆ క్షణంలో ఎవరైనా లేచి 'సిగ్గు లేదా' అని ఉంటే వాళ్ల కాళ్లు మొక్కేది.

ముందు వరసలో ఒకావిడ చప్పట్లు మొదలుపెట్టింది. పక్కాయన అందుకున్నాడు. వరసలు వరసలుగా లేచి నిలబడి కొట్టారు. వెంకటరామారావు కళ్లు తుడుచుకున్నాడు. "ఇదీ విలువలంటే! ఇంత ధైర్యంగా ఒప్పుకునే టీచరు దగ్గర పెరిగే పిల్లలు ఎంత అదృష్టవంతులో," అన్నాడు. పద్మప్రియ పక్కకు వంగి, "అనిల్, మొత్తం వచ్చిందా?" అంది.

"వీడియో తీసెయ్యండి మేడం," అంది శ్రీదేవి మళ్లీ.

"తీసేయడమెందుకండీ? దీన్నే చివర్లో కలుపుతాం. ఇంకా బాగా వస్తుంది."

శ్రీదేవి మంజూరు కాగితం బల్ల మీద పెట్టేసింది. "గట్లయితే మీ షెడ్డు మాకు వద్దు సార్," అంది మైకులోనే. చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు చాచుకుంది.

"ఆత్మగౌరవం!" అన్నాడు వెంకటరామారావు. మళ్లీ చప్పట్లు.

ఉమ్మేసినా తుడుచుకోకుండా పన్నీరు చల్లినట్టు నవ్వేవాళ్లతో ఎవరైనా ఏం చేయగలరు? శ్రీదేవి మెట్లు దిగి వచ్చేసింది. బిర్యానీ తినిపొమ్మని డ్రైవరు కింద దాకా వచ్చి పిలిచాడు. ఇల్లెందు మీదుగా పోయే బస్సెక్కి, కిటికీ పక్కన కూచుని, టేకులపల్లి దాకా రాయి గుప్పిట్లోంచి తీయలేదు. షెడ్డు పోయింది. జూన్ వస్తే మళ్లీ వాన, మళ్లీ జ్వరాలు, మళ్లీ సగం మంది రారు. ఆ సంగతి ఆమెకు గుర్తుంది. అయినా ఆ సగం మందికి సమాధానం చెప్పడం, ఒక్క జోగమ్మకు చెప్పడమంత కష్టం కాదనిపించింది.

గూడెం చేరేసరికి ఎండ చల్లబడింది. జోగమ్మ వాగు ఒడ్డునే ఉంది. భీమక్క కాస్త ఎగువన బిందె ముంచుతోంది. శ్రీదేవి చెప్పులు విడిచి, ఇసకలో పిల్ల పక్కన కూచుని రాయి చేతికిచ్చింది.

"చెప్పినవా?"

"చెప్పిన. రాయి పట్టుకొని, అందరి ముందల చెప్పిన."

"ఏమన్నరు?"

శ్రీదేవికి అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. కానీ రాయి ఇద్దరి మధ్యా ఉంది.

"చప్పట్లు కొట్టిండ్రు," అంది.

తప్పు చెప్పిన మనిషికి చప్పట్లు ఎందుకు కొడతారో దండులో ఎవరూ నేర్పలేదు. జోగమ్మ రాయిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసింది. మొహం ముడుచుకుపోయింది.

"అయితే ఇంక కడగాలె," అంది.

బూడిద చిప్ప శ్రీదేవి వైపు జరిపి, గడ్డి ఉండ చీల్చి సగం ఆమె చేతిలో పెట్టింది. ఎగువ నుంచి భీమక్క బిందె ఎత్తుకుంటూ ఇద్దరినీ చూసింది. పొమ్మని మాత్రం అనలేదు. శ్రీదేవి కొంగు నడుముకు చెక్కుకుని, రాయిని నీళ్లలో ముంచి తోమడం మొదలుపెట్టింది.